మావ కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చిన దసరా సెలవులు

ఈ గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, పోడు పట్టాల గురించి పోస్టులు వస్తుంటాయి. అవన్నీ కావాల్సినవే. నేను రాసేది మాత్రం ఒక మోటారు గురించి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మన ఊళ్ళల్లో పంచరు షాపులు, పిండి మిల్లులు, వెల్డింగు షెడ్లు పెట్టుకుంటున్న వాళ్ళు పెరుగుతున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో మనలాంటి వాళ్ళం ఒకరో ఇద్దరో చదువుకుంటున్నాం. అందుకే రాస్తున్నాను.

నాది చింతపల్లి దగ్గర ఒక గూడెం. ఇంట్లో కువి మాట్లాడతాం, సంతలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. విశాఖలో హాస్టల్లో ఉండి బీటెక్ ఎలక్ట్రికల్ రెండో ఏడు చదువుతున్నాను. మా అమ్మకి నేను ఏం చదువుతున్నానో అడిగితే "కరెంటు సదువు" అంటుంది. ఊరంతటికీ అంతే. ఎవరింట్లో బల్బు ఆరిపోయినా, సెలవులకి నేనొచ్చేదాకా ఆగి నన్ను పిలుస్తారు.

మా మేనమావకి నర్సీపట్నం రోడ్డు మీద చిన్న పంచరు షాపు ఉంది. షాపు అంటే నాలుగు వెదురు గుంజలు, పైన రేకు, ఒక కాలి పంపు. బండ్లకి, ఆటోలకి కాలితోనే గాలి కొట్టేవాడు. జీపు టైరుకి కొడితే మోకాలు పట్టేసేది. లారీ ఆగితే చేతులు ఊపి పంపించేసేవాడు. లారీ టైరుకి 100 పీఎస్ఐ దాటి గాలి కావాలి, కాలి పంపుతో అది అయ్యే పని కాదు. చలికాలం వస్తే లంబసింగి చూడ్డానికి మైదానం నుంచి కార్లు, బైకులు వరస కడతాయి. ఆ రెండు మూడు నెలల్లోనే ఏడాది సంపాదన రావాలి. గాలి మెషీను లేక ఆ బేరమంతా కింద షాపులకి పోయేది.

అందుకని అత్త డ్వాక్రా లోను తీసింది. ఆ డబ్బుతో మావ నర్సీపట్నంలో మూసేసిన ఒక షెడ్డు నుంచి పాత కంప్రెసర్ కొన్నాడు. 160 లీటర్ల ట్యాంకు, రెండు సిలిండర్ల పంపు, పక్కన వేరే చోట నుంచి తెచ్చి బిగించిన 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. మోటారుకి కెపాసిటర్ లేదు. టెర్మినల్ డబ్బాలోంచి నాలుగు వైర్లు బయటకి వేలాడుతున్నాయి, నాలుగూ మసిపట్టి ఒకే రంగులో ఉన్నాయి. దసరా సెలవులకి నేను ఇంటికొచ్చేసరికి అది అరుగు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది.

"అల్లుడొచ్చాడు, ఇంకేటి. రేపు పొద్దున్నకి కలిపేత్తాడు" అన్నాడు మావ.

ఇక్కడొక మాట చెప్పాలి. మా కాలేజీలో మెషీన్స్ ల్యాబుకి ఏడుగురం ఒక గ్రూపు. కనెక్షన్లు ఇచ్చేది ఇద్దరు, ముగ్గురే. వాళ్ళు ఇంటి దగ్గర ఇలాంటివి చూసి పెరిగినవాళ్ళు, చెయ్యి తొందరగా వెళ్తుంది. నాకు పుస్తకం ఇచ్చి "నువ్వు రీడింగులు రాయి" అనేవారు. నా రాత బాగుంటుందట. ఏడాదిన్నర నుంచి రీడింగులు రాస్తూనే ఉన్నాను. చదివింది అంతా తలలో ఉంది, వేళ్ళకి మాత్రం ఏమీ రాలేదు. మనలో చాలామందికి ఇది జరుగుతుంటుందని నా అనుమానం. ఆ గోనెపట్టా తీసినప్పుడు నా పక్కన పుస్తకం ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ముందు మోటారు మీద రేకు తుడిచి చదివాను. 230 వోల్టులు, 50 సైకిళ్ళు, 11.5 ఆంపియర్లు, 1440 చుట్లు. ఈ రేకే దాని జాతకం. వైరు ఎంత లావుండాలి, ఫ్యూజు ఎంత, స్విచ్ ఎంత అన్నీ అక్కడి నుంచే వస్తాయి. 11.5 ఆంపియర్లు అంటే బాగా తిరుగుతున్నప్పుడు తీసుకునేది. మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు లాగుతుంది.

తర్వాత హాస్టల్లో సీనియర్ అన్న దగ్గర అడిగి తెచ్చుకున్న మల్టీమీటరు తీశాను. నాలుగు వైర్లలో ఏ రెండు ఒక జతో చూడాలి. ఒక వైరు పట్టుకుని మిగతా మూడింటితో ఒక్కొక్కటిగా కలిపితే ఒక్కదానితోనే రీడింగు వస్తుంది. అలా రెండు జతలు తేలాయి. తక్కువ ఓములు చూపించిన జత రన్నింగ్ వైండింగు, ఎక్కువ చూపించింది స్టార్టింగ్ వైండింగు. రన్నింగుకి లావు తీగ చుడతారు కాబట్టి ఓములు తక్కువ. నాలుగింటికీ టేపు చుట్టి పెన్నుతో గుర్తులు రాశాను. ఈసారి రీడింగులు తీసిందీ నేనే, రాసుకుందీ నేనే.

మావ పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "రెండు వైర్లు పెడితే తిరగాల గానీ, నాలుగెందుకురా?" అన్నాడు.

కెపాసిటర్ గురించి మావకి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. కువిలో దానికి మాట లేదు, తెలుగులో కూడా కెపాసిటర్ అనే అంటాం. పాత జీపుకి సెల్ఫ్ పని చెయ్యకపోతే ఏం చేస్తామో అడిగాను. నలుగురం తోస్తాం అన్నాడు. ఇంజను అందుకున్నాక? వదిలేస్తాం అన్నాడు. సింగిల్ ఫేజ్ మోటారుకి తనంతట తను కదిలే శక్తి లేదు మావా, ఎవరైనా తోస్తే ఆ వైపు తిరుగుతుంది అన్నాను. స్టార్టింగ్ వైండింగు, కెపాసిటర్ కలిసి ఆ తోసే మనుషులు. మోటారు ముప్పాతిక వేగం అందుకోగానే లోపలున్న సెంట్రిఫ్యూగల్ స్విచ్ టక్కున విడిపోయి తోసేవాళ్ళని పక్కకి తప్పిస్తుంది. తప్పించకపోతే స్టార్టింగ్ వైండింగు కాలిపోతుంది, అది కొద్ది క్షణాలకే తయారైన సన్న తీగ. "అయితే తోసేటోళ్ళు లేకే ఇది ఊరకుంది" అన్నాడు మావ. అంతే మావా అన్నాను. కాలేజీలో ఇదే ప్రశ్నకి రెండు పేజీలు రాశాను, కానీ మావకి చెప్పాకే నాకు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు మోటారు విప్పి ఆటోలో వైండింగు షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి మేస్త్రీ మెగ్గర్ పెట్టి చూశాడు. వైండింగుకీ, బాడీకీ మధ్య 1 మెగా ఓము కూడా లేదు. వానాకాలమంతా తడిలో పడుంది కదా. అలాగే కరెంటు ఇస్తే మోటారు బాడీకి షాక్ వస్తుంది. వైండింగు కాలలేదు, తేమ పట్టిందంతే అన్నాడు. రాత్రంతా దగ్గర్లో 100 వాట్ల బల్బు పెట్టి ఆరబెట్టి, పొద్దున్న చూస్తే రీడింగు బాగా పెరిగింది. దానికి సరిపడే స్టార్టింగ్ కెపాసిటర్ కూడా ఆయనే చూసి ఇచ్చాడు. కెపాసిటర్ విషయంలో ఒక జాగ్రత్త: మెయిన్ తీసేసినా దాంట్లో చార్జీ మిగిలి ఉండొచ్చు. ఒక బల్బు హోల్డరు వైర్లతో దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాలి.

ట్యాంకుని కూడా వదల్లేదు. పాత ట్యాంకు లోపల తుప్పు పట్టి పలచబడితే, గాలి నిండాక బాంబులా పేలుతుంది. అందుకే దాన్ని నీళ్ళతో నింపి ప్రెజరు పెట్టి పరీక్ష చేస్తారు. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి రేకు చీలినా కారుతుందే తప్ప పేలదు. ఆ పరీక్ష చేయించాం, నిలబడింది.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. మీటరు ఇంటి దగ్గర, షాపు రోడ్డు మీద. మధ్యలో 40 మీటర్లు. మావ అప్పటికే ఒకటిన్నర ఎంఎం వైరు కట్ట ఒకటి కొని పెట్టాడు. చెట్ల మీదుగా లాగేద్దామని ప్లాను. మాకు పగలు 210, 220 వోల్టులు ఉంటుంది గానీ, సాయంత్రం అందరూ టీవీలు వేశాక 190కి పడిపోతుంది. నేను నోటుబుక్కులో లెక్క వేశాను. ఒకటిన్నర రాగి వైరు కిలోమీటరుకి 12 ఓములు. పోను 40, రాను 40, మొత్తం 80 మీటర్లకి దాదాపు 1 ఓము. మోటారు మొదలయ్యేటప్పుడు తక్కువలో తక్కువ 40 ఆంపియర్లు లాగినా, 40 వోల్టులు వైర్లోనే పోతాయి. 190లో 40 పోతే మోటారుకి దక్కేది 150. మోటారు బలం వోల్టేజి తగ్గినంతే తగ్గదు, దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 150 వోల్టుల దగ్గర సగం బలం కూడా ఉండదు. మూలుగుతుంది గానీ తిరగదు, తిరగకపోతే సెంట్రిఫ్యూగల్ స్విచ్ విడిపోదు, కాసేపటికి వాసన, పొగ.

మావకి ఓములు చెప్పలేదు. మా ఊరికి కొండ మీద ఊట నుంచి పైపులో నీళ్ళొస్తాయి. ఊట దగ్గర ఉన్నోళ్ళకి ధారగా, చివరింటికి చుక్కచుక్కగా. సన్న పైపు ఎంత పొడుగు వేస్తే అంత నీరసం. కరెంటూ అంతే మావా అన్నాను.

"అయితే లావు వైరు కొనాలా? మళ్ళీ డబ్బులా?" మావ మొహం మాడిపోయింది. "సదువుకున్నోడివి పని తేలిక సేత్తావనుకున్నాను గానీ కరుసు పెంచుతావనుకోలేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండు రోజులు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అత్త లోను వాయిదా తేదీ నాకూ తెలుసు. మూడో రోజు చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు తట్టింది. షాపుకి కావాల్సింది కరెంటు కాదు, గాలి. మెషీను షాపులోనే ఉండాలని ఎవరన్నారు? కంప్రెసర్‌ని ఇంటి పక్క కట్టెల పాకలో, మీటరుకి దగ్గరగా పెట్టి, రోడ్డు దాకా గాలి గొట్టం వేస్తే సరి. గొట్టం పొడుగైతే గాలి కాస్త నెమ్మదిగా చేరుతుంది, అంతే. టైరు నిండాక గేజీలో ప్రెజరు ఒకటే. పైగా వాన పడే రోడ్డు పక్క కరెంటు ఉండదు, పిల్లలు తొక్కే చోట వైరు ఉండదు. మీటరు నుంచి పాకకి 8 మీటర్లే. నాలుగు ఎంఎం వైరు వేస్తే మొదలయ్యేటప్పుడు పోయేది 3 వోల్టులు.

మావ కాసేపు ఆలోచించి, ఒకటిన్నర వైరు కట్ట వాపసు ఇచ్చి, ప్రెజరుకి తట్టుకునే రబ్బరు గొట్టం తెచ్చాడు. నీళ్ళ పీవీసీ పైపు చవగ్గా వస్తుంది కదా అని ఎవరో సలహా ఇచ్చారు. గాలికి పీవీసీ వాడకండి. అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

ఇంకొక్క ఖర్చుకి మావ ఒప్పుకోవాల్సి వచ్చింది: ఎర్తు, ఆర్‌సీసీబీ. మా ఊళ్ళో మూడో పిన్ను అంటే అలంకారం. చాలా ఇళ్ళల్లో సాకెట్టులో దానికి వైరే ఉండదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వరసకి అన్న ఒకడు తడి చేత్తో ఇనుప టేబుల్ ఫ్యాను జరపబోయి పోయాడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు, ఇంకొందరు ఇంకేదో అన్నారు. ఇప్పుడు నాకు తెలుసు. ఫ్యాను లోపల ఫేజు వైరు బాడీకి తగిలి ఉంటుంది. ఆ కరెంటు నేలలోకి పోవడానికి వేరే దారి లేదు, అన్న ఒళ్ళే దారి అయింది. ఎర్తు వైరు ఉండి ఉంటే అదే దారి అయ్యేది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి ఉంటే, రెప్పపాటులో మెయిన్ పడిపోయేది. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఈ మాట మావకి చెప్పినప్పుడు లోపల్నుంచి అత్త అంది, "ఆ గుంటడి పేరెత్తాక ఇంకేటి ఆలోసన. కొనీ."

స్నానాల గదికి పక్కన, నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట గొయ్యి తవ్వాం. మా దగ్గర రెండడుగులకే రాయి తగులుతుంది, గునపంతో ఒక పూట పట్టింది. జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, నీళ్ళు పోసి పూడ్చాం. అక్కడి నుంచి మోటారు బాడీకి, కంప్రెసర్ ఫ్రేముకి ఆకుపచ్చ వైరు.

కనెక్షను వరస ఇది: మీటరు తర్వాత ఆర్‌సీసీబీ, తర్వాత 16 ఆంపియర్ల ఎంసీబీ, ఆ తర్వాత 11.5 దగ్గర సెట్ చేసిన ఓవర్‌లోడు, అక్కడి నుంచి ట్యాంకు మీది ప్రెజర్ స్విచ్, చివర్న మోటారు. ప్రెజర్ స్విచ్ ఫేజునీ, న్యూట్రల్‌నీ రెండింటినీ తెంపేది తీసుకున్నాం. దాని మీద రాసిన ఆంపియర్లు మోటారు కరెంటు కంటే ఎక్కువ ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే మధ్యలో కాంటాక్టరు పెట్టాలి. మా దాంట్లో 8 బార్ దగ్గర ఆగి, 6 బార్‌కి దిగగానే మళ్ళీ మొదలవుతుంది. ఆగినప్పుడు "తుస్స్" మని ఒక శబ్దం వస్తుంది. అది లీకు కాదు. పంపు తలలో మిగిలిన గాలిని అన్‌లోడర్ వదిలేస్తుంది, మళ్ళీ మొదలయ్యేటప్పుడు మోటారుకి బరువు ఉండకూడదని. ఆ శబ్దం రాకపోతేనే కంగారు పడాలి. దీని పైన సేఫ్టీ వాల్వు వేరే ఉంటుంది. స్విచ్ మొరాయించినా గాలి వదిలేది అదే. దాన్ని ఎవరూ బిరడా వేసి మూయకూడదు.

మీటరు దగ్గర పనికి మాత్రం నేను చెయ్యి పెట్టలేదు. లోడు పెంచమని, కమర్షియల్ సర్వీసు ఇమ్మని మావ చేత దరఖాస్తు పెట్టించాం. లైన్‌మన్ వచ్చి నేను చేసిన వైరింగంతా చూసి, ఎర్తు చూసి, కనెక్షను ఇచ్చాడు. మెయిన్‌కి ముందు ఉన్న వైరుని ఏ ఎంసీబీ కాపాడదు. అది లైసెన్సు ఉన్నవాళ్ళ పని.

ముందు బెల్టు తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పాం. పంపు చక్రం మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ వైపే తిరగాలి. ఆ చక్రం ఆకులే ఫ్యానులా సిలిండర్లకి గాలి కొట్టి చల్లబరుస్తాయి. మోటారు ఏ వైపు తిరుగుతుందన్నది స్టార్టింగ్ వైండింగు కొసలు ఎటు కలిపామన్న దాన్ని బట్టి ఉంటుంది. తిరగేస్తే ఆ రెండు కొసలే మార్చాలి. బయట ఫేజు, న్యూట్రల్ మార్చినంత మాత్రాన వైపు మారదు. మాది బాణం వైపే తిరిగింది. బెల్టు వేసి, నూనె చూసి, మళ్ళీ ఆన్ చేశాం. ముల్లు మెల్లగా పైకి ఎక్కింది. 8 దగ్గర టక్కుమని ఆగి, తుస్స్ మంది. మావ నా వైపు చూసి ఏమీ అనలేదు. రోడ్డు మీదకి పరిగెత్తి గొట్టం కొస పట్టుకుని తన బండి టైరుకే మొదటి గాలి కొట్టుకున్నాడు.

ఇప్పుడు మావ మధ్యాహ్నం వోల్టేజి బాగున్నప్పుడు ట్యాంకు నింపి పెట్టుకుంటాడు. రోజూ సాయంత్రం కింద కుళాయి తిప్పి ట్యాంకులో చేరిన నీళ్ళు వదిలేస్తాడు. వారానికోసారి ఆర్‌సీసీబీ టెస్టు బటను నొక్కుతాడు. నేను గోడ మీద బొగ్గుతో గుర్తులు గీసి చూపించాను, మావకి చదువు రాదు కాబట్టి.

ఒక ఆలోచన మాత్రం నన్ను వదలట్లేదు. లోయర్ సీలేరులో మొదట కట్టిన నాలుగు యూనిట్లు ఒక్కొక్కటి 115 మెగావాట్లు. దానికి పైన అప్పర్ సీలేరు, డొంకరాయి, మాచ్‌ఖండ్. ఆ నీళ్ళు మన కొండలవి, మునిగిన నేల మనవాళ్ళది. టవర్ల మీది తీగలు మన పొలాల మీదుగా మైదానానికి వెళ్ళాయి. వాటి కింద మన గూడేలు చాలా ఏళ్ళు కిరసనాయిలు బుడ్లతోనే ఉన్నాయి. ఇప్పుడు కరెంటు వచ్చింది, కానీ దాన్ని భయం లేకుండా, ప్రాణం పోకుండా వాడుకునే తెలివి మనకి ఎవరూ నేర్పలేదు. బుడ్డి దీపం వాడినట్టే వాడుతున్నాం. పైన పోయే తీగ మీద హక్కు అడగడం ఒక పోరాటం. ఇంట్లోకొచ్చిన తీగ మనల్ని చంపకుండా చూసుకోవడం ఇంకో పని. రెండోదానికి ధర్నా అక్కర్లేదు, మనలో చదువుకున్న ఒక్కరు చాలు.

ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో, బీటెక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నాది ఒకటే మాట. ల్యాబులో పుస్తకం మీకిస్తే ఒకరోజు పక్కనోడికి అందించి, వైరు మీరు తీసుకోండి. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ముందు మీ ఇంట్లో సాకెట్టు మూడో కన్నంలో ఎర్తు ఉందో లేదో, చేతనైన వాళ్ళ చేత చూపించండి. లేకపోతే ఒక గొయ్యి, ఒక పైపు, నాలుగు తట్టల బొగ్గు, ఉప్పు. మా ఊళ్ళో నేను సెలవులు ముగించి బస్సెక్కేలోగా ఇంకో రెండిళ్ళవాళ్ళు గునపం అరువు అడిగారు.